టిల్లర్ తీసేసి స్టీరింగ్ చక్రం పెట్టాలని ఉంది, చేసినవాళ్లు చెప్పండి

మూడో_చెయ్యి:

నమస్కారం అందరికీ. ఏడాదిగా ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. ఇప్పుడు అవసరం నాది కాబట్టి రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓర్చుకోండి.

నాది 31 అడుగుల తెరచాప పడవ. వయసు 40 దాటింది, నాకు ముందు ఇద్దరి చేతులు మారింది. ఫిన్ కీల్, అంటే పడవ అడుగున రెక్కలా దిగిన బరువైన పలక. దానికి సంబంధం లేకుండా వెనకాల విడిగా వేలాడే స్పేడ్ చుక్కాని. ఇరుసు ఒకటిన్నర అంగుళాల స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ. కాక్‌పిట్ (పడవలో కూర్చుని నడిపే గుంట) నేల వెనక చివర్లోంచి పైకి వస్తుంది, దాని నెత్తిన 120 సెంటీమీటర్ల చెక్క టిల్లర్, అంటే చుక్కానిని తిప్పే కర్ర.

టిల్లర్ మీద నాకేమీ పగ లేదు. తేలిక గాలిలో రెండు వేళ్లతో పట్టుకుని కూర్చుంటే చుక్కాని పక్కనుంచి నీళ్లు ఎలా పోతున్నాయో అరచేతికి తెలుస్తుంది. ఆ సుఖం నాకూ తెలుసు. గాలి 18 నాట్లు (గంటకి సుమారు 33 కిలోమీటర్లు) దాటిందంటే మాత్రం అది సుఖం కాదు, కుస్తీ. రెండు చేతులతో ఒళ్లోకి లాక్కుని, కాళ్లు ఎదుటి సీటుకి తన్నిపెట్టి కూర్చోవాలి. పోయిన నెల నాలుగు గంటలు అలా కూర్చున్నాను. ఒడ్డుకి వచ్చాక కుడి చెయ్యి భుజం దాటి పైకి లేవలేదు, చొక్కా విప్పడానికి మా ఆవిడ సాయం కావాల్సి వచ్చింది. ఫిజియోథెరపీ ఇంకా నడుస్తోంది.

రెండో కారణం కూడా ఆవిడే. ఎంత ఇరుకు సందులోనైనా నాకంటే చక్కగా కారు పెడుతుంది. టిల్లర్ చేతికిస్తే మాత్రం, కంగారులో కుడికి పోవాలంటే కుడికే తోస్తుంది. పడవ ఎడమకి పోతుంది. మొన్న ఒక లంగరు బోయాని గుద్దబోయి గజం దూరంలో తప్పించుకున్నాం. "చక్రం ఉన్న పడవ కొనాల్సింది" అని ఆ రోజు నుంచీ రోజుకొకసారి వింటున్నాను.

ఇంతలో అదృష్టమో దురదృష్టమో, తుక్కు కింద విప్పేస్తున్న 36 అడుగుల పడవ నుంచి స్టీరింగ్ సామానంతా దొరికింది. అల్యూమినియం పెడెస్టల్ (చక్రాన్ని నిలబెట్టే పొట్టి కంబం), 28 అంగుళాల చక్రం, గొలుసు, బ్రేకు, కింద బిగించే కప్పీలు, చుక్కాని ఇరుసుకి వేసే క్వాడ్రంట్, అంటే చక్రం తిప్పినప్పుడు తీగలు లాగితే ఇరుసుని తిప్పే చక్రం ముక్క లాంటిది. తీగలు మాత్రం లేవు. క్వాడ్రంట్ నడిమి బెజ్జం రెండు అంగుళాలు, నా ఇరుసు ఒకటిన్నర.

అడగాల్సినవి ఇవి. క్వాడ్రంట్‌కి బుష్ (ఇరుసు చుట్టూ తొడిగే పొట్టి గొట్టం ముక్క) వేసి సరిపెట్టొచ్చా? పెడెస్టల్ ఇరుసుకి ఎంత ముందుకి పెట్టాలి? ఇంట్లో రంపం, డ్రిల్లు పట్టడం వచ్చిన మనిషికి ఇది అయ్యే పనేనా, లేక పడవ పాడుచేసుకుంటానా?


టిల్లరే_ముద్దు:

వద్దు.

ఇంకాస్త చెప్పమంటే: 31 అడుగుల పడవలో కాక్‌పిట్ ఎంతుంటుంది? ఆ మధ్యలో 28 అంగుళాల చక్రం పెడితే వెనక్కి వెళ్లాలన్న ప్రతిసారీ సీటెక్కి దిగాలి. టిల్లర్ అయితే లంగరు వేశాక పైకి లేపి కట్టేస్తారు, నలుగురు కాళ్లు చాపుకుని కూర్చుంటారు. ఒంటరిగా నడిపేటప్పుడు టిల్లర్‌ని మోకాళ్ల మధ్య పెట్టుకుని రెండు చేతులతో జిబ్ (ముందు తెరచాప) తాడు లాగొచ్చు. చక్రం వెనక నిలబడితే వించ్ (తాడు చుట్టి లాగే మర) చేతికి అందదు.

ఇంకోటి, మీ దగ్గర ఆటోపైలట్ ఉందా? టిల్లర్‌కి తగిలించే రకమైతే అది ఆ రోజుతో అటకెక్కుతుంది.

మీ ఆవిడకి ఒకే మాట చెప్పండి. దేన్ని గుద్దకూడదో దాని వైపుకి టిల్లర్ తోయాలి. బోయా ఎడమన ఉంటే టిల్లర్ ఎడమకి. కుడి, ఎడమ లెక్కలన్నీ మర్చిపొమ్మనండి.

ఈ తికమక ఈనాటిది కాదులెండి. 1912లో టైటానిక్ ముందు మంచుకొండ కనబడ్డప్పుడు ఇచ్చిన ఆర్డరు "హార్డ్ ఎ స్టార్‌బోర్డ్". స్టార్‌బోర్డ్ అంటే కుడి. ఓడ తిరిగింది మాత్రం ఎడమకి. పొరపాటేం కాదు, అప్పటికి ఓడల్లో చక్రాలు వచ్చి తరాలు గడిచినా ఆర్డర్లు టిల్లర్ లెక్కలోనే ఇచ్చేవాళ్లు. టిల్లర్ కుడికి అంటే ఓడ ఎడమకి. మీ ఆవిడ ఒక్కరే కాదు అని చెప్పండి.


పాత_కప్పీ:

పై ఆయన వద్దంటాడు, ఆయన పేరే అది. నేను చేసినవాణ్ణి, నా మాట వినండి. 11 ఏళ్ల కిందట 34 అడుగుల పడవలో మార్చాను. రెండు వారాంతాలు అనుకున్నది పదమూడు పట్టింది. లేతు మిషను మీద బతికినవాణ్ణి కాబట్టి ఇనప పని నాకు లెక్కలోది కాదు. నన్ను ఏడిపించింది ఇనుము కాదు, ఫైబర్ గ్లాస్.

మీరు అడగనిది ముందు చెబుతాను. టార్చి పట్టుకుని కాక్‌పిట్ కిందకి దూరండి. చుక్కాని ఇరుసు పడవ అడుగునుంచి కాక్‌పిట్ నేల దాకా ఎలా వస్తోందో చూడండి. టిల్లర్ పడవల్లో చాలావాటికి అడుగునుంచి నేల దాకా ఒకే ఫైబర్ గ్లాస్ గొట్టం ఉంటుంది, దాని లోపల ఇరుసు తిరుగుతుంది. గొట్టం పై మూతి నీటిమట్టానికి బాగా ఎత్తులో ఉంటుంది కాబట్టి దానికి గ్లాండ్ (ఇరుసు చుట్టూ నీళ్లు రాకుండా మూసే బిగింపు) అక్కర్లేదు. నీళ్లు గొట్టంలో కొంత దూరం ఎక్కి ఆగిపోతాయి. పడవ కట్టినవాడు తెలివిగా, సులువుగా తేల్చేశాడు.

ఇప్పుడు క్వాడ్రంట్ ఇరుసుకి వేయాలంటే ఇరుసు బయటికి కనబడాలి. అంటే గొట్టం కోయాలి. కోసిన క్షణం నుంచి పడవ అడుగున నీటిమట్టానికి కాస్త పైన, ఒక్కోసారి ఆ మట్టంలోనే, ఒక తెరిచిన మూతి ఉన్నట్టు. పడవ వేగం అందుకుని వెనక భాగం దిగబడ్డా, వెనకనుంచి అల లేచినా నీళ్లు నేరుగా లోపలికి వస్తాయి. కాబట్టి అక్కడ ప్యాకింగ్ గ్లాండ్ పెట్టాలి. అంతటితో అవదు. ఇంతవరకూ ఇరుసుని పైన, కింద పట్టుకున్నది ఆ గొట్టమే. మధ్యలో ముక్క తీసేశాక కాక్‌పిట్ నేల దగ్గరి పై బుష్ దేన్ని ఆనుకుంటుంది? నేల కింద బలమైన అర కట్టాలి. పైదీ కిందదీ ఒకే గీతలో లేకపోతే ఇరుసు పట్టేస్తుంది. నా పదమూడు వారాంతాల్లో ఏడు దీనికే పోయాయి.

మీ పడవలో ఇరుసు ఇప్పటికే బయటికి కనబడుతూ, కింద గ్లాండ్ ఉంటే మీరు అదృష్టవంతులు. కొన్ని కంపెనీలు ఒకే పడవని టిల్లర్‌తోనూ చక్రంతోనూ అమ్మేవి, వాటిలో ఇలా ఉండొచ్చు.

బుష్ సంగతి. రెండు అంగుళాల బెజ్జంలో పావు అంగుళం మందం బుష్ వేసి ఒకటిన్నర ఇరుసుకి బిగించడం గీసి చూపించడానికి బాగుంటుంది. క్వాడ్రంట్ రెండు ముక్కలుగా వచ్చి బోల్టులతో ఇరుసుని కౌగిలించుకుంటుంది. ఆ పట్టు, మధ్యలో దూరిన కీ అనే లోహపు ముక్క, ఈ రెండే దాన్ని జారనివ్వవు. బుష్ పెడితే జారే చోట్లు రెండవుతాయి. ఒకటిన్నరకే బోర్ చేసిన క్వాడ్రంట్ వేరేది చూసుకోండి. ఈ మాట లేతు మనిషిగా చెబుతున్నాను, బుష్‌లు చేసి బతికినవాణ్ణి.

కప్పీలు ఎక్కడ బిగిస్తారో అక్కడే అసలు బరువు పడుతుంది. తీగ కప్పీ దగ్గర 90 డిగ్రీలు తిరిగితే, ఆ కప్పీ పునాది మీద తీగ లాగుడికి 1.4 రెట్లు పడుతుంది. పూర్తిగా వెనక్కి తిరిగితే రెండు రెట్లు. పలచటి ప్లైవుడ్‌కి స్క్రూలు కొట్టి వదిలేస్తే, పెద్ద గాలి ఉన్న రోజే ఊడుతుంది. ఆరపార బోల్టులు, వెనక వెడల్పాటి పలక. కప్పీ గాడి తీగ గీతలోనే ఉండాలి. అర సెంటీమీటరు పక్కకి వాలినా తీగ గాడి అంచుకి ఒరుసుకుంటుంది, పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. తీగ మీద మెత్తటి కాగితం పెట్టి లాగి చూస్తే తెగిన పోగు దానికి తగులుకుంటుంది. వేలు పెట్టకండి.

పెడెస్టల్ కింద కాక్‌పిట్ నేల గట్టిది అనుకోకండి. రెండు ఫైబర్ పొరల మధ్య బాల్సా చెక్కో ప్లైవుడో ఉంటుంది. బెజ్జం వేసి ఊరుకుంటే చెక్క నీళ్లు తాగి కుళ్లుతుంది. బెజ్జం చుట్టూ చెక్క గోకి తీసి, ఎపాక్సీతో నింపి, ఆరాక మళ్లీ బెజ్జం వేయండి.

ఇక నా సిగ్గుమాలిన సంగతి ఒకటి. అంతా బిగించి, తీగలు సర్ది, చక్రం కుడికి తిప్పాను. ఒడ్డు మీదున్న స్నేహితుడు "చుక్కాని ఎడమకి పోతోందేంటి?" అన్నాడు. గొలుసు చక్రం మీదనుంచి గొలుసు రెండు వైపులా కిందకి దిగుతుంది కదా. చక్రం కుడికి తిప్పితే గొలుసు ఎడమ కొస పైకి లేస్తుంది, ఎడమ తీగ లాగబడుతుంది. ఆ తీగ తిన్నగా క్వాడ్రంట్ ఎడమ వైపుకే పోతే చుక్కాని ఆకు ఎడమకి తిరుగుతుంది. కాబట్టి తీగలు పెడెస్టల్ లోపలో కిందో ఒకదాన్నొకటి దాటి అటుది ఇటు, ఇటుది అటు పోవాలి. నేను చక్కగా, తిన్నగా, అందంగా కట్టాను. పడవ నీళ్లలోకి దిగకముందే తెలిసింది కాబట్టి బతికిపోయాను.

పెడెస్టల్ ఎంత ముందుకి అంటే, మనిషి వెనక కూర్చుని మోకాళ్లు చక్రానికి తగలకుండా ఉండేంత. కొలతతో కాదు, అట్టపెట్టె ముక్కని చక్రంలా కోసి కర్రకి గుచ్చి, ఒక వారం కాక్‌పిట్‌లో ఉంచి తిరగండి. మెయిన్ తెరచాప తాడు పట్టా మీ పడవలో కాక్‌పిట్ మధ్యలోనే ఉంటే అది వేరే తలనొప్పి. దాన్ని క్యాబిన్ పైకి మార్చాలి, బూమ్ (మెయిన్ తెరచాప అడుగు కర్ర) చివరనుంచి లాగేది బూమ్ మధ్యనుంచి లాగాల్సి వస్తుంది, తాడు మీద బలం రెట్టింపవుతుంది.

ముందు గొట్టం చూసి చెప్పండి. అలాగే గొలుసు చక్రానికి పళ్లెన్నో లెక్కపెట్టండి. ఇంకో పని. చేపలు తూచే స్ప్రింగ్ కాటా ఉంటుంది కదా, దాన్ని టిల్లర్ కొసకి తగిలించి లాగి చూడండి. ఒకసారి రేవులో తెరచాపలు లేకుండా, ఒకసారి మీ చెయ్యి పోయిందన్న గాలిలో. అసలు బరువు ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియకుండా నేలకి బెజ్జం పెట్టడం నాకు నచ్చదు. నేను అలాగే పెట్టాను.


మూడో_చెయ్యి:

పాత_కప్పీ గారూ, ఇంత ఓపిగ్గా రాసినందుకు దండాలు. రెండు వారాలు పట్టింది, చెప్పినవన్నీ చేశాను.

గొట్టం ఉంది. అడుగునుంచి నేల దాకా, ఎక్కడా ఖాళీ లేకుండా. వెనక అరలో తల దూర్చి చూసి వచ్చాక ఆ సాయంత్రం ఎవరితోనూ మాట్లాడలేదు.

గొలుసు చక్రానికి 13 పళ్లు. గొలుసు లింకుకి లింకుకి దూరం 5/8 అంగుళం. క్వాడ్రంట్ వ్యాసార్ధం 20 సెంటీమీటర్లు.

కాటా లెక్కలు. రేవులో, తెరచాపలు దించి, నీళ్లు కదలకుండా ఉన్నప్పుడు: టిల్లర్ కదలడానికి 4 కిలోలు. అటూ ఇటూ తిప్పుతుంటే ఒక చోట కుయ్యిమని మూలుగుతోంది. 18, 20 నాట్ల గాలిలో, పూర్తి మెయిన్ తెరచాప, పెద్ద జెనోవా (ముందు తెరచాప)తో: 19 కిలోలు. అదే గాలిలో మెయిన్‌కి మొదటి రీఫ్ కట్టి (కొంత మడిచి చిన్నది చేసి), జెనోవా కాస్త చుట్టాక: 9 కిలోలు. వేగం ఎంత పడిపోతుందో అని చూస్తే పావు నాటు కూడా తగ్గలేదు. రెండుసార్లు కొలిచాను, కాటా పాడైందేమోనని.

ఆటోపైలట్ ఉంది, టిల్లర్‌కి తగిలించే రకమే. దాని సంగతి నాకు తట్టనే లేదు.

బోయా సూత్రం మా ఆవిడకి చెప్పాను. "ఇది మొదటి రోజే ఎందుకు చెప్పలేదు?" అంది. ఆ మధ్యాహ్నమంతా బోయాల మధ్య తనే తిప్పింది. టైటానిక్ కథ కూడా చెప్పాను గానీ దానికి అంత సంతోషించలేదు.


పాత_కప్పీ:

కాటా పాడవలేదు. మీరు రాసిన మూడు అంకెల్లోనే జవాబుంది. లెక్క కలిసి వేద్దాం.

13 పళ్లు, పంటికి 5/8 అంగుళం. చక్రం ఒక చుట్టు తిరిగితే గొలుసు సుమారు 20.6 సెంటీమీటర్లు నడుస్తుంది. చుక్కాని ఒక్కో వైపు 35 డిగ్రీలు, మొత్తం 70 తిరగాలనుకుందాం. 20 సెంటీమీటర్ల క్వాడ్రంట్ మీద ఆ 70 డిగ్రీలు 24.4 సెంటీమీటర్లు. అంటే ఈ కొసనుంచి ఆ కొసకి చక్రం సుమారు 1.2 చుట్లు. మంచిదే, తొందరగా తిరుగుతుంది.

బలం ఎంత కలిసొస్తుంది? మీ చక్రం వ్యాసార్ధం 35.5 సెంటీమీటర్లు. గొలుసు చక్రానిది 20.6 ని 6.28 తో భాగిస్తే 3.28. నిష్పత్తి 10.8. దాన్ని 20 సెంటీమీటర్ల క్వాడ్రంట్‌తో హెచ్చిస్తే 216. అంటే ఈ సామానంతా బిగించాక మీ చేతికి 216 సెంటీమీటర్ల టిల్లర్ పట్టుకున్నట్టు ఉంటుంది. ఇప్పుడున్నది 120. సుమారు 1.8 రెట్లు.

సరే, 19 కిలోల్ని 1.8 తో భాగిస్తే 10.5. కప్పీలు, గొలుసు, గ్లాండ్ వాటి వాటా అవి తింటాయి, 12 అనుకోండి. పడవ కోసి, గ్లాండ్ పెట్టి, అరలు కట్టి, వారాంతాలన్నీ పోసి మీరు 12 కి వస్తారు. ఒక రీఫ్ కట్టి 9 కి వచ్చేశారు. వేగం కూడా పోలేదు.

ఎందుకు పోలేదంటే, ఆ 19 కిలోలు మీరు లాగుతున్నది పడవని నడపడానికి కాదు, ఆపడానికి. గాలి ఎక్కువై పడవ బాగా పక్కకి వాలితే ముక్కు తనంతట తానే గాలికి ఎదురు తిరగబోతుంది. దాన్ని పట్టుకోవడానికి మీరు చుక్కానిని అడ్డం పెడుతున్నారు, అది నీళ్లలో బ్రేకులా పనిచేస్తోంది. చుక్కాని 3 నుంచి 5 డిగ్రీలు తిరిగి ఉంటే ఆరోగ్యం. పది దాటితే తెరచాపలో ఏదో సరిగా లేదని. మీ మెయిన్ ఎంత పాతది? పాత గుడ్డ బొజ్జ పెరిగి, ఆ బొజ్జ వెనక్కి జరిగి ఉంటుంది. దానికదే ముక్కుని గాలివైపు తిప్పుతుంది. ముందు అంచుని లాగి బిగించండి, ట్రావెలర్‌ని (మెయిన్ తాడు పట్టా మీద జరిగే బండిని) గాలి పోయే వైపుకి దించండి. తెరచాప స్తంభం మరీ వెనక్కి వాలి ఉందేమో కూడా చూడండి.

ఇక రేవులో 4 కిలోలు. నీళ్లు కదలనప్పుడు స్పేడ్ చుక్కానిని ఒక్క వేలితో తిప్పగలగాలి. మూలుగుతోందన్నారు. మీ గొట్టంలో బుష్‌లు నైలాన్‌వి అయితే అవి నీళ్లు తాగి ఉబ్బాయి. నైలాన్‌కి ఆ గుణం ఉంది, ఏళ్ల తరబడి ఉప్పునీళ్లలో నాని ఇరుసుని గొంతు పట్టుకున్నట్టు పట్టుకుంటుంది. తెరచాపలెత్తి నడిపేటప్పుడు ఇరుసు పక్కకి ఒత్తుకుంటుంది కాబట్టి ఆ పట్టు 4 కిలోల దగ్గర ఆగదు, ఇంకా పెరుగుతుంది. ఎసిటాల్ ప్లాస్టిక్ బుష్‌లు చేయించండి, అది నైలాన్ అంత నీళ్లు తాగదు. ఇరుసు నునుపుగా ఉందో, గాడి పడిందో ఆ పూటే చూడొచ్చు.

నేనే చక్రం పెట్టినవాణ్ణి, నేనే ఇలా చెబుతున్నానని అనుకోకండి. నాది 34 అడుగులు, కాక్‌పిట్ పెద్దది, నాకు చక్రం ఇష్టం. మార్చాక తేలికైంది కూడా. కానీ మరుసటి ఏడు మెయిన్ కొత్తది కుట్టించినప్పుడు తేలికైనంత కాలేదు.


వెనకచెక్క:

మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి. నా 26 అడుగుల పడవకి చుక్కాని బయట వెనక చెక్కకే కీళ్లతో తగిలించి ఉంటుంది. క్వాడ్రంట్ వేసే చోటే లేదు. హైడ్రాలిక్ పెట్టొచ్చా?


పాత_కప్పీ:

పెట్టొచ్చు, పెట్టకండి. హైడ్రాలిక్‌లో చుక్కాని ఏం చెబుతోందో చేతికి తెలియదు, నూనె కాస్త జారినా చక్రం నడిమి గుర్తు నడిమిలో ఉండదు. తోసి లాగే కేబుల్‌ని పొట్టి టిల్లర్‌కి బిగించినవాళ్లని చూశాను, పట్టుపట్టినట్టే తిరుగుతుంది. 26 అడుగులకి మంచి టిల్లర్, కొసకి ఒక పొడిగింపు కర్ర. అంతే.


ఉప్పునీళ్ళు:

నాది కొన్నప్పుడే చక్రం ఉన్న పడవ. కాబట్టి మార్చడం గురించి చెప్పలేను, మార్చాక ఏమవుతుందో చెబుతాను.

మూడేళ్ల కిందట మధ్యాహ్నం పూట, గాలి వెనకనుంచి, చక్రం ఒక్కసారిగా చేతిలో గిర్రున తిరిగింది. బొమ్మ కారు చక్రంలా. తీగ తెగింది. అత్యవసర టిల్లర్ ఉంది, పడవతోనే వచ్చింది. ఎక్కడుంది? వెనక అరలో అన్నిటికంటే కింద, లంగరు తాడు, రెండు ఫెండర్లు, రబ్బరు పడవ మోటారు, వాటి కింద. నేను తవ్వుతుంటే మా తమ్ముడు తెరచాపలు దించాడు. దొరికింది. కాక్‌పిట్ నేలలో ఇరుసు మూత విప్పే స్పానర్ ఇంకో అరలో. చివరికి తగిలించి ఎడమకి తిప్పితే 15 డిగ్రీల దగ్గర ఠంగుమని పెడెస్టల్‌కి తగిలింది. ఆ టిల్లర్‌ని అంతకుముందు ఎవరూ ఒక్కసారి కూడా తగిలించి చూడలేదన్నమాట, కట్టినవాడితో సహా.

దాన్ని వెనక్కి తిప్పి పెట్టి ఇంటికి చేరాం. వెనక్కి పెడితే టిల్లర్ అర్థం కూడా తిరగబడుతుంది, ఎటు తోస్తే అటే పోతుంది. మూడో_చెయ్యి గారి ఆవిడకి నచ్చేది.

ఎప్పటికైనా చక్రం పెడితే, తీగలు గోడకి ఎక్కడ తగులుతున్నాయో ఆరు నెలలకోసారి చూడండి, నూనె గుడ్డతో తుడవండి. తీగ బిగువు చూడాలంటే చక్రాన్ని కట్టేసి, క్వాడ్రంట్‌ని చేత్తో కదిపి చూడండి. కదలకూడదు. అలాగని వీణ తీగలా బిగించకండి, బేరింగులు పోతాయి. చుక్కానికి రెండు పక్కలా ఆపే దిమ్మలు ఉండాలి. ఇంజను రివర్సులో ఉన్నప్పుడు నీళ్లు చుక్కానిని విసిరికొడతాయి. దిమ్మలు లేకపోతే ఆ దెబ్బ గొలుసుకి తగులుతుంది.


మూడో_చెయ్యి:

అన్నీ చదివాను. మా ఆవిడ కూడా చదివింది. పెడెస్టల్ ప్రస్తుతానికి షెడ్డులో ఉంటుంది. అమ్మేస్తానని అనలేదు, పెడతాననీ అనలేదు.

వచ్చే నెల పడవని ఒడ్డుకెక్కిస్తున్నాం. చుక్కాని దింపి బుష్‌లు మార్పిస్తాను. మెయిన్‌ని తెరచాపలు కుట్టే ఆయనకి చూపిస్తే గుడ్డ పట్టుకుని ఒకసారి నావైపు, ఒకసారి గుడ్డవైపు చూశాడు. ఎన్నేళ్లదని కూడా అడగలేదు.

ఒక్క ప్రశ్న మిగిలింది. చుక్కాని కిందకి దింపాలంటే పడవ కింద ఎంత ఎత్తు కావాలి? స్టాండ్ల మీద నిలబెడితే చుక్కాని అడుగుకీ నేలకీ మధ్య 40 సెంటీమీటర్లే ఉంటుందని యార్డు వాళ్లు అంటున్నారు.


పాత_కప్పీ:

చాలదు. చుక్కాని ఆకు పై అంచునుంచి ఇరుసు కొస దాకా ఎంతుందో అంత ఎత్తు కావాలి, ఆపైన ఒక జానెడు. మీ పడవకి మీటరు పైనే ఉండొచ్చు. క్రేన్ పట్టీల్లో వేలాడుతున్నప్పుడే దింపేయండి, లేదా చుక్కాని కింద గొయ్యి తవ్వుకోనిస్తారేమో అడగండి.

టిల్లర్ తల విప్పే ముందు కింద జాకీ గానీ దిట్టమైన చెక్క దిమ్మలు గానీ పెట్టండి. కొన్ని పడవల్లో చుక్కాని మొత్తం బరువు ఆ తల మీదే వేలాడుతుంది. 40 ఏళ్ల చుక్కాని కాబట్టి లోపలి ఫోము నీళ్లు తాగి ఉంటుంది, అనుకున్నదానికంటే బరువుంటుంది. దించాక అడుగున చిన్న బెజ్జం వేసి చూడండి, నీళ్లు కారితే కారనివ్వండి. విప్పేటప్పుడు కింద మాత్రం ఎవరూ ఉండకూడదు.

పాత బుష్‌లు పారేయకండి. కొత్తవి చేయించేటప్పుడు కొలత మాత్రం ఉబ్బిన వాటినుంచి కాదు, ఇరుసునుంచీ గొట్టంనుంచీ తీసుకోమని లేతు వాడికి చెప్పండి.